తెలుగు పేర్లను ప్రశ్న గుర్తులుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను ఆపండి

బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్ వ్యవస్థలు చూసే అధికారులకు,
ఆ వ్యవస్థలకు సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చే ఇంజినీర్లకు

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుతున్నాను. అరండల్‌పేట, కొత్తపేటల్లో ఇదే పని చేసుకునేవాళ్లు, విజయవాడ గవర్నర్‌పేటలో ప్రెస్సులకు టైపు చేసి ఇచ్చేవాళ్లు కొందరు ఈ లేఖ చదివి, ఇందులోని సంగతులు తమ దగ్గరా జరుగుతున్నాయని చెప్పాకే బయటపెడుతున్నాను. కాగితం కోసం మండల ఆఫీసు చుట్టూ తిరిగే అవసరాన్ని మీరు చాలా తగ్గించారు. అందుకు కృతజ్ఞతలు.

విషయానికి వస్తాను. తెలుగులో ఉన్న పత్రాన్ని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చేటప్పుడు అక్షరాలు పోతున్నాయి. వర్డ్ ఫైలు పీడీఎఫ్ అయినప్పుడు, ఎక్సెల్ పట్టిక కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు (సీఎస్‌వీ) అయినప్పుడు, పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి రికార్డులు ఎక్కించినప్పుడు ఇదే జరుగుతోంది. పోయాయన్న సంగతి ఎవరికీ తెలియడం లేదు. తెర మీద మాత్రం ‘విజయవంతంగా పూర్తయింది’ అని వస్తోంది.

సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాం. పాడైన ఫైళ్ల నమూనాలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి జతచేశాం. ‘టెక్నికల్ ప్రాబ్లమ్, పైకి పంపాం’ అన్నారు. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టాం. దాని రసీదులో ‘ఫిర్యాదు వివరాలు’ అన్న చోట అన్నీ ప్రశ్న గుర్తులే వచ్చాయి. కొన్నాళ్లకు ఫిర్యాదు పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. చదవడానికే వీల్లేని ఫిర్యాదును ఎవరు, ఎలా పరిష్కరించారని అడిగాం. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

మా కౌంటర్ల దగ్గర మేం చూస్తున్నది ఇదీ.

1. పేరు పోయి ప్రశ్న గుర్తులు మిగలడం.

సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, అన్నదమ్ముల భాగపంపకాల కాగితం కంప్యూటర్ కాపీ తెచ్చి చూపించాడు. సర్వే నంబర్లు ఉన్నాయి. విస్తీర్ణం సెంట్లతో సహా ఉంది. అన్నదమ్ముల పేర్లు, నాలుగు హద్దులు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు. పంట రుణం కోసం ఆ కాపీ బ్యాంకులో ఇస్తే ‘ఇందులో నీ పేరేదీ?’ అని తిప్పి పంపారట. మిర్చి నారు పోసుకునే రోజుల్లో బ్యాంకు డబ్బు అందకపోతే రైతు వెళ్లేది వడ్డీ వ్యాపారి దగ్గరికే.

ఇక్కడ ఇంజినీర్లు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ అంకెగా దాస్తుంది, ఏ అంకె ఏ అక్షరమో ఒక పట్టిక చెబుతుంది. అన్ని భాషలకూ కలిపి ఉన్న పట్టిక యూనికోడ్. తెలుగు ఫైలును దానితో కాకుండా పాత పశ్చిమ యూరప్ పట్టికతో తెరిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ‘ఏ’, పక్కన డిగ్రీ సున్నా, లేదంటే ప్లస్-మైనస్ గుర్తు, మళ్లీ అదే వరస. మా షాపులకు వచ్చే సీఎస్‌వీ ఫైళ్లలో ఇది రోజూ చూస్తాం. యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు (కంప్యూటర్‌లో చోటుకు చిన్న కొలత) తీసుకుంటాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఆ వరస అందుకే వస్తుంది. చూడటానికి భయంగా ఉన్నా లోపల బైట్లు అలాగే ఉంటాయి కాబట్టి సరైన పట్టికతో తెరిస్తే సాధారణంగా తెలుగు తిరిగి వచ్చేస్తుంది.

ప్రశ్న గుర్తు అలాంటిది కాదు. తన పట్టికలో లేని అక్షరం ఎదురైతే సాఫ్ట్‌వేర్ దాన్ని పారేసి, ఆ చోట ప్రశ్న గుర్తు రాస్తుంది. ‘రాముడు’ అన్నా ‘సీతమ్మ’ అన్నా ఆరేసి ప్రశ్న గుర్తులే. వాటిలోంచి ఎవరి పేరు ఏదో ఏ నిపుణుడూ చెప్పలేడు. దస్తావేజు మీద సిరా ఒలికితే కనీసం ఎక్కడ పాడైందో మరక చెబుతుంది, అంచుల్లో ఒకటి రెండు అక్షరాలైనా మిగులుతాయి. ఇక్కడ ఏమీ మిగలదు. అసలు కాగితాన్ని చెదలు తినేసి ఉంటే ఆ ఆస్తి చరిత్రలో ఆ పేజీ పోయినట్టే.

ఇది ఎక్కువగా సర్వర్ అమరికల దగ్గర మొదలవుతుంది. భాష, ప్రాంతం చెప్పే సెట్టింగును లొకేల్ అంటారు. దాన్ని పెట్టకుండా వదిలేస్తే చాలా లైనక్స్ సర్వర్లు ‘సీ’ అనే పాత అమరికతో నడుస్తాయి. ఆ అమరికకు తెలిసినవి ఆస్కీ అనే పాత ఇంగ్లిష్ అక్షరాల పట్టికలోని 128 గుర్తులే. ఆస్కీ 1963లో అమెరికా అవసరాల కోసం పుట్టింది. ఇంజినీరు సొంత ల్యాప్‌టాప్‌లో లొకేల్ యూటీఎఫ్-8గా ఉంటుంది కాబట్టి అక్కడ తెలుగు చక్కగా వస్తుంది. అదే ప్రోగ్రాం సర్వర్ మీదికి వెళ్లాక పాడవుతుంది. ‘మా దగ్గర బాగానే వస్తోందే’ అని మీరు చెప్పే మాట నిజమే కావచ్చు. మా రైతు వాడేది మీ ల్యాప్‌టాప్ కాదు.

2. పేరు మధ్యలో తెగిపోవడం.

ప్రశ్న గుర్తుల కన్నా ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఎవరి కంటికీ ఆనదు. ‘వెంకటేశ్వరరావు’ అన్న పేరు యూనికోడ్ లెక్కలో 14 గుర్తులు, 42 బైట్లు. డేటాబేస్‌లో పేరుకు 30 బైట్ల చోటే ఇచ్చి, మిగిలింది కత్తిరించేలా ప్రోగ్రాం రాస్తే మొదటి పది గుర్తులు నిలుస్తాయి. అప్పుడు మిగిలేది ‘వెంకటేశ్వర’. అది కూడా నిండు పేరులాగే కనిపిస్తుంది కదా, ఎవరికి అనుమానం వస్తుంది? ఇంగ్లిష్‌లో అదే పేరు 15 అక్షరాలు, 15 బైట్లు. సుఖంగా ఇమిడిపోతుంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్ష చేసినవారికి ఈ లోపం దొరకదు.

భర్త పోయిన ఒకావిడ ఇలాంటి కాగితంతోనే వచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో భర్త పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ తెమ్మన్నారు. స్టాంపు కాగితం, నోటరీ ఫీజు, ఇద్దరు సాక్షులు, వాళ్ల ఆటో ఖర్చులు, ఆవిడ కూలి పోవడం. ఇంత చేసినా ఆవిడకు రావాల్సిన డబ్బు కొన్ని నెలలు ఆగింది. తన భర్త పేరు తనకే సరిగ్గా తెలియదేమో అన్నట్టు మాట్లాడారని ఆవిడ మా షాపులో ఏడ్చింది. తప్పు 30 అన్న అంకెది. దాన్ని అనుభవించింది ఆవిడ.

3. ఒత్తులు విరిగిపోవడం.

తెలుగులో ఒత్తు కింద చేరాలంటే, అక్షరాలను కలిపి ఆకారం తీర్చే పని ఒకటి జరగాలి. పీడీఎఫ్ తయారుచేసే కొన్ని పాత రిపోర్టు ప్రోగ్రాములు ఆ పని చేయవు. అప్పుడు ‘జిల్లా’ కాస్తా ‘జిల్‌లా’, ‘సత్తెనపల్లి’ కాస్తా ‘సత్‌తెనపల్‌లి’ అవుతాయి. సర్వర్‌లో తెలుగు ఫాంటే లేకపోతే అన్నీ ఖాళీ డబ్బాలు.

పరీక్షలో ఇది ఎందుకు దొరకదో మాకు అర్థమైంది. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి: ఈ పేర్లలో ఒక్కదానికీ ఒత్తు లేదు. ‘తెలుగు’ అన్న పదానికీ లేదు. వీటితో చూసుకుని ‘తెలుగు వచ్చేసింది’ అనుకుంటే, జగ్గయ్యపేటవాళ్లకు, ప్రత్తిపాడువాళ్లకు, కృష్ణలంకవాళ్లకు చిరునామా తప్పుగా వెళుతుంది.

4. గుణింతాలు ఊడిపోవడం. ‘అనవసరమైన గుర్తులు తీసెయ్’ అని ప్రోగ్రాముల్లో ఒక శుభ్రం చేసే మెట్టు ఉంటుంది. అక్షరాలు, అంకెలు ఉంచి మిగతావి తుడిచేస్తుంది. కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో గుడి, కొమ్ము, సున్న వంటివి ‘అక్షరాల’ లెక్కలోకి రావు. అప్పుడు విజయవాడ ‘వజయవడ’ అవుతుంది, గుంటూరు ‘గటర’ అవుతుంది. మీ ఊరి పేరు ఇలా అచ్చయిన ధ్రువపత్రాన్ని పిల్లవాడు కాలేజీలో ఇవ్వగలడా?

5. కంటికి బాగుండి, లోపల పాడైన పీడీఎఫ్‌లు.

పీడీఎఫ్‌లో నిలిచేది ముఖ్యంగా అక్షరాల బొమ్మలు. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టికను అందులోనే జతచేయాలి. జతచేయకపోతే తెర మీద, ప్రింటులో అంతా బాగుంటుంది. కాపీ చేస్తే చెత్త వస్తుంది. ‘మంగళగిరి’ అని వెతికితే ఆ పేరు ఎదురుగా కనిపిస్తున్నా దొరకదు. యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లతో చేసినవాటికి ఇంకో చిక్కు ఉంది. వాటిలో తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఈ ముక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంట్ కంపెనీ మారితే పట్టిక మారుతుంది, ఒక్కోసారి వెర్షన్ మారినా మారుతుంది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లు ఇంకా మా షాపుల్లో, విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తల దగ్గర, ఆఫీసుల్లో గుట్టలుగా ఉన్నాయి. ఏ ఫాంటో చూడకుండా వాటిని మూకుమ్మడిగా కన్వర్టర్‌లో వేస్తే, ఒత్తు పక్క అక్షరానికి అతుక్కుని అర్థమే మారిపోతుంది.

దీనివల్ల ఎక్కువ నష్టపోయేది చూపులేనివాళ్లు. బ్రాడీపేటలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అంధ విద్యార్థి పోటీ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అతని ఫోనులో, కంప్యూటర్‌లో ఉంది, తెలుగు బాగానే చదువుతుంది. మీరు పెట్టిన పీడీఎఫ్ తెరిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చదువుతుంది. అతను ఆ ఫైళ్లు తెచ్చి మా చేత మళ్లీ టైపు చేయించుకుంటున్నాడు. తోటి విద్యార్థికి ఉచితంగా దొరికే జీవోకు అతను పేజీకి ఇంత అని డబ్బు కడుతున్నాడు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందుబాటు రూపంలో ఉండాలని చెబుతోంది. ఆ విద్యార్థి అడుగుతున్నది దయ కాదు, ఆ సెక్షనే.

6. తేదీలు తారుమారు కావడం. మన దగ్గర రోజు ముందు, నెల తర్వాత. అమెరికా అమరికలో ఉన్న కంప్యూటర్ నెలను ముందు చదువుతుంది. 02-11 అని రాసిన నవంబరు 2 ఫిబ్రవరి 11 అయిపోతుంది. 12 దాటిన రోజులున్న తేదీలను మార్చలేక అలాగే వదిలేస్తుంది. దాంతో ఒకే పట్టికలో సగం తేదీలు తప్పు, సగం ఒప్పు. పింఛనుకు వయసు చాల్లేదని తిప్పి పంపిన ముసలాయనకు ఇది ఎవరు చెప్పాలి?

7. వెతికితే దొరకకపోవడం. ‘కైకలూరు’లో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి తేడా ఉండదు. రెండింటినీ ఒకటిగా చూసేలా ప్రోగ్రాం రాయకపోతే రికార్డు ఉండి కూడా ‘లేదు’ అంటుంది. ‘రాజ్‌కుమార్’ వంటి పేర్లలో ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తును తుడిచేసినా ఇదే గతి. అది ‘రాజ్కుమార్’ అయి కూర్చుంటుంది.

ఇవన్నీ చెప్పినప్పుడు మాకు వచ్చే జవాబులు రెండు.

మొదటిది, ‘తెలుగు కాంప్లెక్స్ స్క్రిప్ట్ అండీ, ప్రతిచోటా సపోర్ట్ ఉండదు’ అని. తెలుగుకు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే చోటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉంది. ఈ-గవర్నెన్స్‌లో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రకటించింది. ఒత్తుల్ని సరిగ్గా తీర్చే హార్ఫ్‌బజ్ ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. లిబ్రెఆఫీస్ దాన్నే వాడుతోంది. నోటో, మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు కూడా ఉచితమే. కావలసిన సామాను అంతా సిద్ధంగా, పైసా ఖర్చు లేకుండా ఉంది. లేనిదల్లా తెలుగుతో ఒకసారి పరీక్ష చేసి చూడాలన్న పట్టింపు.

రెండోది, ‘ఇంగ్లిష్‌లో ఇచ్చేయండి, గొడవ ఉండదు’ అని. గొడవ ఉంటుంది. లక్ష్మి పేరును ఒకరు ‘ఎక్స్’తో రాస్తారు, ఇంకొకరు ‘కే, ఎస్, హెచ్’తో రాస్తారు. ఇంటిపేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. పైగా అధికార భాషా చట్టం 1966 నుంచి ఉన్న రాష్ట్రంలో, తెలుగులో అర్జీ పెట్టుకున్నందుకు మనిషికి నష్టం జరగకూడదు. తెలుగు తప్ప చదవడం రాని తల్లి తన కాగితంలో ఏముందో తనే చూసుకోగలగాలి. ఇంగ్లిష్ చేస్తే ఆ ఒక్క అవకాశమూ పోతుంది.

మా డిమాండ్లు ఇవి.

1. అక్షరాన్ని మార్చలేకపోతే పని ఆగిపోవాలి. ఏ ఫైలు, ఏ వరస, ఏ గడి అన్నది ఆపరేటర్‌కు చెప్పాలి. ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోవడాన్ని, చోటు చాలదని పేరు కత్తిరించడాన్ని అన్ని ప్రభుత్వ సాఫ్ట్‌వేర్లలో నిషేధించాలి. మిగతావి ఒకదాని తర్వాత ఒకటి చేసుకోవచ్చు. ఇది మాత్రం వెంటనే కావాలి, ఎందుకంటే ఈ వారం పోయిన పేరు వచ్చే ఏడాది ఎంత మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చినా రాదు.

2. మార్పిడి తర్వాత కూడా మూల ఫైలును, స్కాన్ చేసిన బొమ్మను ఉంచాలి. కొత్త వ్యవస్థలోకి అంతా ఎక్కిందని పాతదాన్ని చెరిపేయకూడదు.

3. ఇప్పటికే పాడైన రికార్డులను మీరే వెతికి పట్టుకోవాలి. పేరు గడిలో వరసగా రెండు మూడు ప్రశ్న గుర్తులున్న రికార్డులు తీయడం ఏ డేటాబేస్‌లోనైనా ఒక చిన్న ఆదేశంతో అయ్యే పని. గడి చివరిదాకా సరిగ్గా నిండిన పేర్లను కూడా తీయండి, తెగిపోయినవి వాటిలో ఉంటాయి. వాటిని మూల కాగితంతో పోల్చి, ప్రజల నుంచి రుసుము తీసుకోకుండా సరిచేయాలి. అప్పటిదాకా ఈ రకం తేడాలకు నోటరీ అఫిడవిట్ అడగొద్దని, దరఖాస్తు తిప్పి పంపొద్దని కౌంటర్లకు రాతపూర్వక ఆదేశం ఇవ్వాలి.

4. టెండరులోనే తెలుగు పరీక్ష ఒక షరతుగా ఉండాలి. సత్తెనపల్లి, జగ్గయ్యపేట, శ్రీకాకుళం, కైకలూరు, వెంకటేశ్వరరావు, లక్ష్మి, జ్ఞానేశ్వరి, రాజ్‌కుమార్, స్త్రీ, దుఃఖం, వాఙ్మయం. ఈ పదాలు వర్డ్, ఎక్సెల్, సీఎస్‌వీ, డేటాబేస్, పీడీఎఫ్ అన్నీ తిరిగి వచ్చాక ఒక్క బైటు తేడా లేకుండా ఉంటేనే బిల్లు చెల్లించాలి. మొబైల్ ఫోన్లలో భారతీయ భాషలు ఎలా కనిపించాలో చెప్పే ప్రమాణాన్ని భారత ప్రమాణాల సంస్థ 2016లోనే ఇచ్చింది. అమ్మే ఫోనుకు ఉన్న నియమం, భూమి రికార్డు నడిపే సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు ఉండకూడదు?

5. ప్రజల కోసం పెట్టే ప్రతి పీడీఎఫ్‌లోనూ యూనికోడ్ పట్టిక ఉండాలి. పత్రాలను చాలాకాలం దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం పీడీఎఫ్/ఏ. అందులో ‘యూ’ అనే స్థాయి సరిగ్గా దీనికోసమే ఉంది, అడిగి తీసుకోండి.

6. తేదీల్లో నెలను అంకెగా కాకుండా పేరుగా చూపించాలి.

ఇంజినీర్లకు విడిగా ఒక మాట. మీలో చాలామంది మా గుంటూరు, విజయవాడ కాలేజీల్లో చదివినవాళ్లే. ప్రాజెక్టు రిపోర్టులు మా షాపుల్లోనే బైండింగ్ చేయించుకున్నారు. గడువు ఒత్తిడి, పై నుంచి వచ్చే టెన్షన్ మాకు తెలియనివి కావు. అయినా పరీక్ష డేటాలో ఇంగ్లిష్ పేర్ల పక్కన మీ అమ్మ పేరు, మీ తాతగారి ఊరు తెలుగులో ఒకసారి పెట్టి చూడండి. లోపం దొరికితే పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. మీరు చెప్పకపోతే మాకు తెలిసేసరికి ఆ ఫైలు కొన్ని వేల మందిది అయి ఉంటుంది.

మొదటి, మూడో డిమాండ్ల మీద ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవంలోగా లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాం. పరీక్ష పదాల ఫైలు, వ్యక్తిగత వివరాలు తీసేసిన పాడైన నమూనాలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ శాఖ అడిగినా, ఏ ఇంజినీరు అడిగినా ఇస్తాం. పిలిస్తే షాపు మూసుకుని వచ్చి, ఏ మెట్టులో ఏ అక్షరం పోతోందో మీ కంప్యూటర్ మీదే చూపిస్తాం.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు నిర్వాహకుడు,
బ్రాడీపేట, గుంటూరు